పెద్దల కాలేయం నుంచి ఆర్గనాయిడ్లు పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సెల్ కల్చర్‌లో చెయ్యి తిరిగి, ఆర్గనాయిడ్ల (ల్యాబ్‌లో జెల్ లోపల పెరిగే బుల్లి కణ నిర్మాణాల) పనికి కొత్తగా వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకొని రాసిన జవాబులివి. పాళ్లు, సమయాలు ఎక్కువగా మనిషి కాలేయానికి సంబంధించినవి. ఎలుక కాలేయానికి మారే చోట విడిగా చెప్పాం.

ఆర్గనాయిడ్ అంటే బుల్లి కాలేయమా?

కాదు. పత్రికలు "మినీ లివర్" అని రాస్తాయి గానీ, డిష్‌లో కనిపించేది సబ్బునీటి బుడగలాంటి బోలు గోళం. గోడలో ఒకే వరస కణాలు, లోపల ద్రవం, అంతే. రక్తనాళాలుండవు, రోగనిరోధక పని చేసే కుప్ఫర్ కణాలుండవు, పీచు తయారుచేసే స్టెల్లేట్ కణాలుండవు. అసలు సంగతి ఇంకొకటుంది. ఆ గోడలో ఉన్నవి కాలేయం బరువులో ఎక్కువ భాగమైన హెపటోసైట్లు కావు, పిత్తనాళాల లోపలి పొర కణాలు. మొత్తం కాలేయ కణాల్లో వీటి వాటా 3 నుంచి 5 శాతం మాత్రమే. బుడగ ఎందుకు ఉబ్బుతుంది, మీడియంలో ఫోర్‌స్కోలిన్ అనే మందు ఎందుకు, హెపటోసైట్లు చేసే ఆల్బుమిన్ ప్రొటీన్ ఎందుకు తక్కువ అనే ప్రశ్నలన్నీ చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాయి.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది?

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ నగరంలో, హ్యూబ్రెక్ట్ ఇన్‌స్టిట్యూట్‌లోని హాన్స్ క్లెవర్స్ బృందం దగ్గర. 2009లో తొషిరో సాతో ఎలుక పేగులోని ఎల్‌జీఆర్5 (మూలకణాల గుర్తుగా వాడే ప్రొటీన్) ఉన్న మూలకణం ఒక్కదాని నుంచే పేగు పొరలాంటి నిర్మాణాన్ని పెంచారు. 2013లో మెరిచెల్ హూక్ అదే దారిలో ఎలుక కాలేయాన్ని పట్టుకున్నారు. మామూలు కాలేయంలో ఎల్‌జీఆర్5 కణాలు దాదాపు కనిపించవు. కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో గాయం చేసినప్పుడు పిత్తనాళాల పక్కన తలెత్తుతాయి. 2015లో మనిషి కాలేయంతోనూ పని సాధ్యమైంది. ఎలుక మీడియంలో మనిషి కణాలు కొన్ని వారాలకే ఆగిపోయేవి. పెరుగుదలను అడ్డుకునే టీజీఎఫ్-బీటా సంకేతాన్ని ఆపి, కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచాక నెలల తరబడి పెరిగాయి. ఇప్పటికీ మనిషి మీడియానికీ ఎలుక మీడియానికీ ముఖ్యమైన తేడా ఈ పనులు చేసే ఏ83-01, ఫోర్‌స్కోలిన్ అనే రెండు మందులే.

ఇవి నిజంగా మూలకణాలేనా?

వీటిని "పెద్దల మూలకణాల ఆర్గనాయిడ్లు" అనడం మామూలే గానీ, ఆ పేరులో ఉన్నంత ధీమా శాస్త్రంలో లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కాలేయంలో పేగులో లాగా నిత్యం పనిచేసే మూలకణాల గూడు ఉందా లేదా అన్న వాదం ఇంకా తెగలేదు. పిత్తనాళ కణాలను జెల్‌లో పెట్టి గ్రోత్ ఫ్యాక్టర్లు పోస్తే, గాయపడ్డ కాలేయంలో లాగా మేల్కొని మూలకణ లక్షణాలు చూపిస్తాయి. 2015 పనిలో పిత్తనాళ కణాల గుర్తైన ఈపీకామ్ ఉన్న కణాలను ఒక్కొక్కటిగా నాటితే వాటిలో నాలుగో వంతుకు పైగా ఆర్గనాయిడ్లయ్యాయి. హెపటోసైట్ల వైపు నుంచి ఏమీ రాలేదు. 2021లో ఈ రంగంలోని చాలా బృందాలు కలిసి పేర్ల మీద ఒక ఒప్పందానికి వచ్చాయి. దాని ప్రకారం వీటిని "కాలేయం లోపలి పిత్తనాళ కణాల ఆర్గనాయిడ్లు" అనాలి. పేరు పొడుగే, కానీ నిజాయితీ ఉన్న పేరు. మీ వ్యాసంలో అదే వాడితే రివ్యూయర్లతో సగం గొడవ తప్పుతుంది.

ఐపీఎస్ కణాలతో చేసేవాటికీ వీటికీ తేడా ఏమిటి?

ఐపీఎస్ దారిలో చర్మం లేదా రక్త కణాన్ని ముందు పిండదశ లాంటి స్థితికి వెనక్కి నడిపి, మళ్లీ కాలేయం వైపు మెట్టుమెట్టుగా తెస్తారు. వారాలు పడుతుంది, వచ్చే కణాలు గర్భస్థ దశను పోలి ఉంటాయి. కానీ రక్తనాళ కణాలు, సంధాయక కణాలు కలిపి సంక్లిష్ట నిర్మాణాలు కట్టొచ్చు. 2013లో జపాన్‌లో తకనోరి తకెబె చూపించిన "లివర్ బడ్" ఆ కోవదే. పెద్దల కణజాలం దారిలో జన్యు రీప్రోగ్రామింగ్ లేదు, రెండు మూడు వారాల్లో కల్చర్ చేతికొస్తుంది, రోగి జన్యువులు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. కానీ దొరికేది ఒకే రకం కణం. కాలేయపు పీచు, మంట, రక్తప్రసరణ మీద ప్రశ్న అడగాలంటే ఇది ఒంటరిగా సరిపోదు.

ఎలాంటి కణజాలం కావాలి? ఎంత?

అర నుంచి ఒక ఘన సెంటీమీటర్ ముక్క ఉంటే హాయి. సూదితో తీసిన బయాప్సీతోనూ వస్తాయి, కాకపోతే మొదటి రెండు పాసేజ్‌లు (కల్చర్‌ను విడగొట్టి కొత్త జెల్‌లో మళ్లీ నాటడం) ఓపిక పట్టాలి. మార్పిడికి వచ్చిన దాత కాలేయపు అంచు, శస్త్రచికిత్సలో తీసిన భాగంలో కణితికి దూరంగా ఉన్న చోటు, మార్పిడిలో బయటికి తీసిన జబ్బు కాలేయం, మూడూ పనికొస్తాయి. సిర్రోసిస్ కాలేయం చూసి నిరుత్సాహపడొద్దు. అందులో పిత్తనాళాల లాంటి కణాలు ఎక్కువై ఉంటాయి కాబట్టి పీచు ఎక్కువున్నా కల్చర్ తరచు బాగానే అందుకుంటుంది.

ఆపరేషన్ థియేటర్‌లో ముక్కను నేరుగా చల్లని బేసల్ మీడియంలో (గ్రోత్ ఫ్యాక్టర్లు లేని మూల మీడియం, పాళ్లు కింద ఉన్నాయి) వేసి మంచు మీద పంపమని ముందే చెప్పి ఉంచండి. ట్యూబ్ కూడా మీరే ఇచ్చి రండి. అలవాటు కొద్దీ ఫార్మలిన్‌లో వేస్తే అంతటితో సరి. 24 గంటల్లోపు పని మొదలుపెట్టాలి. హెపటోసైట్లు ఈలోపు నీరసపడతాయి గానీ పిత్తనాళ కణాలు గట్టిపిండాలు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఫలితాలు అడిగి తెలుసుకోండి. ఫలితం ఏదైనా పని మాత్రం రెండో స్థాయి బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే.

భారత్‌లో ఏ అనుమతులు తీసుకోవాలి?

సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, మూలకణ పరిశోధనను చూసే సంస్థాగత కమిటీ అనుమతి, దాత రాతపూర్వక సమ్మతి. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో విడుదల చేసిన జాతీయ మూలకణ పరిశోధన మార్గదర్శకాలు దీనికి ఆధారం. సమ్మతి పత్రంలో మూడు విషయాలు విడిగా రాయండి: కణాలను దీర్ఘకాలం నిల్వ ఉంచడం, జన్యు సీక్వెన్సింగ్ చేయడం, ఇతర ల్యాబ్‌లకో కంపెనీలకో ఇవ్వడం. మొదట్లో ఒక్క వాక్యం తగ్గితే, మూడేళ్ల తర్వాత మంచి కల్చర్ చేతిలో ఉండి కూడా ఎవరికీ ఇవ్వలేని పరిస్థితి వస్తుంది. పత్రం దాత చదవగలిగే భాషలో, మన దగ్గరైతే తెలుగులో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

కణాలను విడదీసే క్రమం ఏమిటి?

ముక్కను చల్లని బేసల్ మీడియంతో రెండుసార్లు కడిగి, పెట్రి డిష్‌లో రెండు స్కాల్పెల్స్‌తో బియ్యపు నూక అంత సన్నగా తరగండి. మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాముల కొల్లాజినేజ్ డి, 0.1 మిల్లీగ్రాము డీఎన్ఏజ్-1 ఉన్న ద్రావణంలో 37 డిగ్రీల వద్ద మెల్లగా కదుపుతూ 20 నుంచి 40 నిమిషాలు ఉంచండి. ఎంతసేపు అన్నది గడియారం కాదు, మైక్రోస్కోప్ చెప్పాలి. 10 నిమిషాలకోసారి ఒక చుక్క తీసి చూడండి. ఎక్కువ భాగం విడి కణాలు, చిన్న గుంపులుగా కనిపించగానే చల్లని బేసల్ మీడియం నిండుగా పోసి చర్యను ఆపండి. మొత్తం కరిగేదాకా ఆగితే ముందుగా విడివడ్డ కణాలు చచ్చిపోతాయి. చీమిడిలా తీగలు సాగితే అది చచ్చిన కణాల డీఎన్ఏ. కొంచెం డీఎన్ఏజ్ వేసి రెండు నిమిషాలు ఆగండి.

తర్వాత 70 మైక్రాన్ల జల్లెడ, 300 జీ వద్ద 5 నిమిషాల సెంట్రిఫ్యూజ్. అడుగున చేరిన కణాల గడ్డ ఎర్రగా ఉంటే ఎర్రకణాలను పగలగొట్టే అమ్మోనియం క్లోరైడ్ బఫర్‌లో రెండు నిమిషాలు. కొవ్వు కాలేయమైతే పైన తెల్లటి మీగడ తేలుతుంది, దాన్ని ముందు పీల్చి పారేయండి, లేకపోతే గడ్డ సరిగా దిగదు. ట్రిపాన్ బ్లూతో బతికిన కణాలు లెక్కపెట్టి, 48 గుంటల ప్లేటులో గుంటకు 25 మైక్రోలీటర్ల జెల్‌లో 3,000 నుంచి 10,000 కణాలు నాటండి. కణాలు చాలవని మరీ పలచగా వేస్తే అవి ఒకదానికొకటి దూరమై ముడుచుకుపోతాయి. గుంటలు తగ్గించండి, సాంద్రత తగ్గించకండి.

మీడియంలో ఏమేం వేయాలి?

బేసల్ మీడియం: అడ్వాన్స్‌డ్ డీఎంఈఎం/ఎఫ్12లో 1 శాతం పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్, 1 శాతం గ్లూటామాక్స్, 10 మిల్లీమోలార్ హెపీస్. దీని నుంచి 50 మిల్లీలీటర్ల ఎక్స్‌పాన్షన్ మీడియం చేయడానికి, కింద చెప్పిన స్టాక్‌ల లెక్కన:

- ఆర్-స్పాండిన్ 1 కండిషన్డ్ మీడియం (కణాలు ఆ ప్రొటీన్‌ను స్రవించిన మీడియం): 5 మిల్లీలీటర్లు
- బీ27, విటమిన్ ఏ లేనిది, 50 రెట్ల స్టాక్: 1 మిల్లీలీటర్
- ఎన్2, 100 రెట్ల స్టాక్: 0.5 మిల్లీలీటర్
- నికోటినమైడ్, 1 మోలార్: 0.5 మిల్లీలీటర్ (చివరికి 10 మిల్లీమోలార్)
- ఎన్-ఎసిటైల్ సిస్టీన్, 500 మిల్లీమోలార్: 100 మైక్రోలీటర్లు (1 మిల్లీమోలార్)
- ఫోర్‌స్కోలిన్, 10 మిల్లీమోలార్: 50 మైక్రోలీటర్లు (10 మైక్రోమోలార్)
- ఏ83-01, 5 మిల్లీమోలార్: 50 మైక్రోలీటర్లు (5 మైక్రోమోలార్)
- ఎఫ్‌జీఎఫ్10, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు: 50 మైక్రోలీటర్లు (మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు)
- హెచ్‌జీఎఫ్, మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు: 25 మైక్రోలీటర్లు (మిల్లీలీటరుకు 25 నానోగ్రాములు)
- ఈజీఎఫ్, మిల్లీలీటరుకు 500 మైక్రోగ్రాములు: 5 మైక్రోలీటర్లు (మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు)
- గ్యాస్ట్రిన్, 100 మైక్రోమోలార్: 5 మైక్రోలీటర్లు (10 నానోమోలార్)
- మిగతాది బేసల్ మీడియం: సుమారు 42.7 మిల్లీలీటర్లు

నాటిన మొదటి మూడు రోజులకు మాత్రం ఇదే మీడియంలో 30 శాతం వింట్3ఏ కండిషన్డ్ మీడియం, మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల నోగిన్, 10 మైక్రోమోలార్ వై-27632 ఉండాలి. వింట్ 15 మిల్లీలీటర్లు చేరుతుంది కాబట్టి బేసల్ ఆ మేరకు తగ్గుతుంది. కలిపిన మీడియాన్ని 4 డిగ్రీల వద్ద ఉంచి రెండు వారాల్లోపు వాడేయండి.

ఇన్ని ఎందుకు? కొన్ని మానేస్తే?

ఈజీఎఫ్, హెచ్‌జీఎఫ్, ఎఫ్‌జీఎఫ్10 విభజనకు తోస్తాయి. ఆర్-స్పాండిన్ మూలకణ లక్షణాలను నిలిపే వింట్ సంకేతాన్ని పెంచి నిలబెడుతుంది, అది లేకపోతే రెండు మూడు పాసేజ్‌ల్లో కల్చర్ నీరసిస్తుంది. ఏ83-01 టీజీఎఫ్-బీటాను ఆపుతుంది. ఆపకపోతే కణాలు పెరగడం మానేసి గోడ మందమవుతుంది. ఫోర్‌స్కోలిన్ సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. పిత్తనాళ కణాల పైపొరలో సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ద్వారం ఉంది. సైక్లిక్ ఏఎంపీ పెరిగితే అది తెరుచుకుని క్లోరైడ్ లోపలి బోలులోకి పోతుంది, వెంట నీరు పోతుంది, బుడగ ఉబ్బుతుంది. ఫోర్‌స్కోలిన్ వేయడం మరిచిన వారం బుడగలు చిన్నగా, ముడతలుగా కనిపించడానికి ఇదే కారణం. ఉబ్బు కొలిచే ప్రయోగం చేసేవాళ్లు ముందుగా ఫోర్‌స్కోలిన్ లేని మీడియంలో ఉంచాలన్నది కూడా ఇందుకే. అప్పటికే ఉబ్బి ఉన్నదాన్ని ఇంకేం ఉబ్బిస్తారు?

విటమిన్ ఏ ఉన్న బీ27 పొరపాటున కొనొద్దు. అది కణాలను పరిణతి వైపు నెడుతుంది. వై-27632 విడివిడి కణాలు చావకుండా కాపాడుతుంది, గుంపులుగా ఉన్నప్పుడు దాని అవసరం లేదు.

ఎలుక కణాలకైతే ఏ83-01, ఫోర్‌స్కోలిన్ లేకుండానే నడుస్తుంది. హెచ్‌జీఎఫ్ మాత్రం మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు.

ఖర్చు ఎక్కడ పోతుంది?

జెల్, గ్రోత్ ఫ్యాక్టర్లు. 24 గుంటల ప్లేటుకు గుంటకు అర మిల్లీలీటర్ చొప్పున ఒక మార్పుకు 12 మిల్లీలీటర్లు, వారానికి మూడు మార్పులంటే 36. అంటే ఒక్క ప్లేటుకు వారానికి 3.6 మైక్రోగ్రాముల ఎఫ్‌జీఎఫ్10. 25 మైక్రోగ్రాముల సీసా ఏడు వారాలు వస్తుంది. ఈ లెక్క వేసుకోకుండా పది మంది రోగుల కల్చర్లు ఒకేసారి మొదలుపెట్టేవాళ్లు నాలుగో నెలలో సగం ఆపేస్తారు. మొదటి పాసేజ్‌లలోనే ఫ్రీజ్ చేసి, అవసరమైనవే నడపండి.

వింట్, ఆర్-స్పాండిన్ కండిషన్డ్ మీడియం ల్యాబ్‌లోనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, చాలా ల్యాబ్‌లు చేసుకుంటాయి. వింట్3ఏను స్రవించే ఎల్ కణాలు, ఆర్-స్పాండిన్‌ను స్రవించే 293 కణాలు వాడతారు. చిక్కంతా బ్యాచ్‌ల మధ్య తేడాలో ఉంది. ప్రతి బ్యాచ్‌నూ టాప్‌ఫ్లాష్ లూసిఫరేజ్ కణాలతో (వింట్ సంకేతం అందితే వెలుగునిచ్చేవి) పరీక్షించి, పాత మంచి బ్యాచ్‌తో పోల్చాకే వాడాలి. కొత్త సీసా మొదలైన వారంలోనే కల్చర్లన్నీ ఒకేసారి మందగిస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే. రెండో ప్రమాదం మైకోప్లాస్మా, మామూలు మైక్రోస్కోప్‌కు కనిపించని బుల్లి బ్యాక్టీరియా. స్రవించే కణాల్లో అది ఉంటే మీ ల్యాబ్‌లోని ప్రతి ఆర్గనాయిడ్‌కూ మీరే చేజేతులా పోసినట్టు. ఆ కణాలకూ ఆర్గనాయిడ్లకూ నెలకోసారి పీసీఆర్ చేయండి.

జెల్ చుక్క నిలబడటం లేదు, పరుచుకుపోతోంది. ఎందుకు?

మాట్రిజెల్ లాంటి జెల్ ఎలుక సార్కోమా కణితి నుంచి తీసిన ప్రొటీన్ల మిశ్రమం. లామినిన్, నాలుగో రకం కొల్లాజెన్ ఎక్కువ. చల్లగా ఉంటే నీళ్లు, 10 డిగ్రీలు దాటితే గట్టిపడటం మొదలు. కాబట్టి సీసాను ముందురోజు రాత్రే మంచులో పెట్టి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో కరగనివ్వాలి, పని అంతా మంచు మీదే, టిప్‌లు కూడా చల్లవే. ప్లేటు మాత్రం వేడిగా ఉండాలి. రాత్రంతా 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచండి. చల్లటి ప్లేటు మీద చుక్క వేస్తే గట్టిపడేలోపే పరుచుకుంటుంది, కాలని పెనం మీద దోసె వేసినట్టే.

ఇంకో కారణం, గడ్డ మీద మీడియం మిగిలిపోవడం. జెల్ పాలు 70 శాతం కంటే తగ్గితే చుక్క కట్టదు. చివరి తడిని సన్నని టిప్‌తో తీసేయండి. చుక్క వేసిన ఒకటి రెండు నిమిషాలకు ప్లేటును తలకిందులు చేసి 15 నుంచి 20 నిమిషాలు ఇంక్యుబేటర్‌లో పెడితే కణాలు అడుగుకు జారవు. అడుగుకు జారిన కణాలు ప్లాస్టిక్‌కు అంటుకుని చదునుగా పరుచుకుంటాయి తప్ప బుడగ కావు. మీడియం గోడ వెంట మెల్లగా, గోరువెచ్చగా పోయాలి.

మొదటి రెండు వారాల్లో ఏం కనిపించాలి?

రెండు రోజులు చెత్తే. నిరాశపడి పారేయకండి. మూడు నాలుగు రోజులకు చిన్న గుండ్రటి బుడగలు, వారానికి వంద మైక్రాన్ల వరకు, రెండో వారంలో కంటికి చుక్కల్లా కనిపించేంత. మీడియం రెండు మూడు రోజులకోసారి మార్చండి. మొదటి పాసేజ్ దాదాపు 14వ రోజున.

పాసేజ్ ఎప్పుడు, ఎలా?

ఆ తర్వాత ప్రతి 7 నుంచి 10 రోజులకు, 1:4 నుంచి 1:6. ఈ నిష్పత్తి ఊరికే పెట్టింది కాదు. కణాల సంఖ్య రెట్టింపు కావడానికి సుమారు 60 గంటలు పడుతుంది. వారంలో అది దాదాపు ఏడింతలు, పాసేజ్‌లో పోయేవి పోగా నాలుగైదింతలు మిగులుతాయి. బోలులో నల్లటి చెత్త చేరకముందే చేయాలి. ఆ నలుపు గోడ నుంచి రాలి చచ్చిన కణాలు.

మీడియం తీసేసి, మంచంత చల్లని బేసల్‌ను ఒక మిల్లీలీటర్ పిపెట్‌తో చుక్క మీదికి కొట్టి జెల్ చెదరగొట్టండి. 15 మిల్లీలీటర్ల ట్యూబ్‌లో చల్లని బేసల్ 10 మిల్లీలీటర్ల దాకా నింపి 250 జీ వద్ద 5 నిమిషాలు తిప్పండి. గడ్డ పైన పొగమంచులా జెల్ పొర కనిపిస్తే అది కరగలేదని అర్థం, మళ్లీ చల్లని బేసల్‌తో కడగాలి. పాత జెల్ మిగిలితే కొత్త జెల్ పట్టదు. తర్వాత 1,000 మైక్రోలీటర్ల టిప్ కొనకు 10 మైక్రోలీటర్ల టిప్ తొడిగి, 10 నుంచి 20 సార్లు పైకీ కిందికీ ఆడించండి. బుడగలు పగిలి చిన్న పలకలుగా మారాలి, పొడి కాకూడదు. పలకలు గంటల్లోనే మళ్లీ మడత పడి మూసుకుంటాయి. టిప్‌లను ముందుగా ఆల్బుమిన్ ద్రావణంతో తడిపితే ప్లాస్టిక్‌కు అతుక్కుని పోయే నష్టం తగ్గుతుంది.

విడివిడి కణాలే కావాలంటే, అంటే జన్యు ఎడిటింగ్‌కో క్లోన్‌లకో, ట్రిప్‌ఎల్‌ఈ అనే ఎంజైమ్‌లో 37 డిగ్రీల వద్ద 5 నుంచి 10 నిమిషాలు, తర్వాత మూడు రోజులు వై-27632. రోజువారీ పాసేజ్‌కు ఎంజైమ్ వాడటం మాకు నచ్చదు. పని త్వరగా అవుతుంది గానీ ప్రతిసారీ మూడు రోజుల ఎదుగుదల పోతుంది.

కల్చర్ చెడుతోంది. ఏది ఎక్కడ తప్పిందో ఎలా పోల్చుకోవాలి?

నాటిన వారానికీ ఏమీ లేదంటే, ముందు ఆ రోజు రాసుకున్న బతికిన కణాల శాతం చూడండి. సగం కంటే తక్కువైతే తప్పు ఎంజైమ్‌తో కణాలను విడదీసిన దగ్గరే, లేదా కణజాలం ఆలస్యంగా వచ్చింది. బతికినవి బాగానే ఉండి పెరగలేదంటే వింట్ బ్యాచ్‌ను అనుమానించండి.

బుడగలు వచ్చి, మూడో నాలుగో పాసేజ్‌లో చిన్నవై ముదురు రంగుకు తిరిగితే ఆర్-స్పాండిన్ లేదా ఏ83-01. డీఎంఎస్‌ఓలో కరిగిన స్టాక్‌లను పదేపదే కరిగించి గడ్డకట్టించడం దీనికి సాధారణ కారణం. చిన్న భాగాలుగా పంచి దాచుకోండి.

చుక్క అంచున, ప్లాస్టిక్ మీద పొడుగాటి కదురు ఆకారపు కణాలు ఫైబ్రోబ్లాస్టులు. కంగారు వద్దు, ఈ మీడియం వాటికి పడదు. పాసేజ్‌లో జెల్ చుక్కను మాత్రమే ఎత్తి, అడుగున అంటినదాన్ని గీకకుండా వదిలేస్తే రెండు సార్లలో పోతాయి.

మీడియం ఒక్కరాత్రిలో పసుపై మబ్బుగా మారితే బ్యాక్టీరియా. పిత్తనాళంలో స్టెంట్ పెట్టిన రోగుల కణజాలంలో ఇది మామూలే. అలాంటివాటికి మొదటి రెండు వారాలు మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ప్రిమోసిన్ అనే యాంటీబయాటిక్ వేయండి. ఫంగస్ కనిపించిన ప్లేటును మాత్రం కాపాడే ప్రయత్నం చేయొద్దు, మూతపెట్టి బయట పారేయండి.

గుంట మధ్యలోవి చిన్నగా, అంచులవి పెద్దగా ఉంటే కణాలు కిక్కిరిశాయి. అంచు గుంటలన్నీ ఒకేలా పాడైతే ఇంక్యుబేటర్‌లో తేమ తగ్గింది.

హెపటోసైట్ల వైపు మార్చేది ఎలా?

పాసేజ్ చేసిన కొద్ది రోజులకు, బుడగలు చిన్నగా ఉన్నప్పుడే, ఎక్స్‌పాన్షన్ మీడియానికి మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల బీఎంపీ7 కలిపి సుమారు వారం ఉంచండి. తర్వాత డిఫరెన్షియేషన్ మీడియం: బేసల్‌లో ఎన్2, బీ27, ఎన్-ఎసిటైల్ సిస్టీన్, గ్యాస్ట్రిన్, ఈజీఎఫ్ 50, హెచ్‌జీఎఫ్ 25, ఎఫ్‌జీఎఫ్19 100, బీఎంపీ7 25 నానోగ్రాముల చొప్పున మిల్లీలీటరుకు, ఏ83-01 500 నానోమోలార్, డీఏపీటీ 10 మైక్రోమోలార్, డెక్సామెథసోన్ 3 నుంచి 30 మైక్రోమోలార్. ఆర్-స్పాండిన్, నికోటినమైడ్, ఫోర్‌స్కోలిన్, ఎఫ్‌జీఎఫ్10 ఉండవు. రెండు మూడు రోజులకోసారి మారుస్తూ 11 నుంచి 13 రోజులు. డీఏపీటీ పని నాచ్ సంకేతాన్ని ఆపడం. కణాన్ని పిత్తనాళంగా పట్టి ఉంచేది ఆ సంకేతమే. బుడగ కుదించుకుపోయి, గోడ మందమై, మడతలు పడితే దారిలో ఉన్నట్టు. పెరుగుదల ఆగుతుంది, అది లోపం కాదు. ఈ దశ నుంచి వెనక్కి పెంచుకోవచ్చని ఆశించకండి, సమాంతరంగా ఎక్స్‌పాన్షన్ ప్లేటు ఒకటి ఉంచుకోండి.

మారాయని ఎలా నమ్మాలి?

ఆల్బుమిన్ జన్యువు వంద రెట్లు పెరిగిందన్న గ్రాఫ్ ఒక్కదాన్నీ నమ్మొద్దు. సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని వంద రెట్లు పెంచినా వచ్చేది కొంచెమే. ప్రతి పరీక్షలో రెండు పోలికలుండాలి: అదే దాత ఎక్స్‌పాన్షన్ ఆర్గనాయిడ్లు, తాజా హెపటోసైట్లు లేదా కాలేయ కణజాలం. మీడియంలోకి స్రవించిన ఆల్బుమిన్‌ను ఎలైజాతో, మందులను మార్చే ఎంజైమ్ సైప్3ఏ4 చురుకుదనాన్ని లూసిఫెరిన్ పరీక్షతో, గ్లైకోజెన్‌ను పీఏఎస్ రంగుతో చూడండి. పిత్తనాళ కణాల గుర్తులైన కేఆర్‌టీ7, కేఆర్‌టీ19 తగ్గాయా అనీ చూడాలి. చాలామంది పెరిగినవి చూపించి తగ్గనివాటిని వదిలేస్తారు. తాజా హెపటోసైట్ల స్థాయికి ఇవి చేరవు. బీ27లో ఆవు ఆల్బుమిన్ ఉంటుంది కాబట్టి మనిషి ఆల్బుమిన్‌ను మాత్రమే పట్టే యాంటీబాడీ ఎంచుకోండి.

అసలు హెపటోసైట్లనే ఆర్గనాయిడ్లుగా పెంచలేమా?

2018లో రెండు బృందాలు చూపించాయి. ఎలుక హెపటోసైట్లు, మనిషి గర్భస్థ హెపటోసైట్లు బోలు లేకుండా ద్రాక్షగుత్తిలా పెరిగాయి. ఆ పనుల్లో పెద్దల హెపటోసైట్లు మొదలయ్యాయి గానీ ఎక్కువ కాలం నిలవలేదు. చేతిలో ఉన్నది పెద్దల కణజాలమైతే, నెలల తరబడి పెరిగేది కావాలంటే, పిత్తనాళ కణాలే సులువైన దారి.

నెలల కల్చర్‌లో జన్యువులు పాడవవా?

ఆశ్చర్యపడేంత తక్కువ. 2015లో మొత్తం జన్యుపటం చదివి చూస్తే, మూడు నెలల కల్చర్‌లో కొత్తగా వచ్చిన ఏకాక్షర మార్పులు 63 నుంచి 139. మిగతా వందల మార్పులు దాత శరీరంలోనే వచ్చినవి. అయినా పాసేజ్ సంఖ్య ప్రతి ట్యూబ్ మీద రాయండి, పదేసి పాసేజ్‌లకు క్రోమోజోములు చూడండి, ఎస్‌టీఆర్ పరీక్షతో (డీఎన్ఏ వేలిముద్ర లాంటిది) దాత రక్తంతో సరిపోల్చండి. జన్యువులు మారడం కంటే ట్యూబ్‌లు తారుమారవడమే ఎక్కువ.

ఫ్రీజ్ చేయడం?

పాసేజ్ తర్వాత రెండు మూడు రోజులకు, బుడగలు చిన్నగా ఉన్నప్పుడు. పెద్ద బుడగ లోపలి ద్రవం మంచై గోడను చీలుస్తుంది. 10 శాతం డీఎంఎస్‌ఓ ఉన్న మీడియంలో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 80కి, మర్నాడు ద్రవ నత్రజనిలోకి. ట్యూబ్‌కు ఒకటి రెండు గుంటల సరుకు. కరిగించాక మూడు రోజులు వై-27632 ఉన్న ప్రారంభ మీడియం ఇవ్వండి. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ట్యూబ్‌ను నెలలోపే కరిగించి చూసుకోండి.

కణితి నుంచి కూడా వస్తాయా?

వస్తాయి, కష్టం మీద. 2017లో హెపటోసెల్యులర్ కార్సినోమా (హెపటోసైట్ల క్యాన్సర్), పిత్తనాళ క్యాన్సర్, రెండూ కలిసిన రకం, మూడింటి నుంచీ పెంచారు. హెపటోసెల్యులర్ రకంలో సఫలత తక్కువ. 2018 నాటి ఒక స్విస్ అధ్యయనంలో 38 సూది బయాప్సీలకు 10 మాత్రమే అందుకున్నాయి. పెద్ద తలనొప్పి పక్కనున్న మామూలు పిత్తనాళ కణాలు. ఈ మీడియం వాటికోసం చేసిందే కాబట్టి పొలంలో కలుపులా అవే ముందు లేస్తాయి. పలుచని బుడగలన్నీ మామూలువి, గట్టి ముద్దలు కణితివి అని స్థూలంగా అనుకోవచ్చు. ముద్దలను మైక్రోస్కోప్ కింద విడిగా ఏరి నాటండి. కణితిలోని మ్యుటేషన్లు కల్చర్‌లోనూ ఉన్నాయని సీక్వెన్స్ చేసి చూసేదాకా దాన్ని కణితి ఆర్గనాయిడ్ అని పిలవొద్దు.

ఏ జబ్బులకు మంచి నమూనా?

ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం ఉన్న రోగుల ఆర్గనాయిడ్లను హెపటోసైట్ల వైపు మారిస్తే ఆ ప్రొటీన్ కణంలోనే గడ్డకట్టడం కనిపించింది. పుట్టుకతోనే పిత్తనాళాలు తక్కువగా ఉండే అలాజీల్ సిండ్రోమ్‌లో నాచ్ దారి దెబ్బతిని పిత్తనాళంగా సరిగా ఎదగలేకపోయాయి. కణం లోపలి ఒక జన్యువు తప్పైతే ఇది బలమైన నమూనా. మద్యం వల్ల వచ్చే పీచు, ఆటోఇమ్యూన్ మంట లాంటివాటికి తోడు కణాలు లేకుండా అడగడం వృథా.

మందుల పరీక్షలో జంతువులకు బదులు వాడొచ్చా?

2023లో మన కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలకు చేసిన సవరణ ఆర్గనాయిడ్లు, ఆర్గాన్ చిప్‌ల లాంటి పద్ధతులకు చోటిచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ ఇంక్యుబేషన్ కేంద్రంలో మానవ నమూనా వ్యవస్థల కోసం ప్రత్యేక విభాగమూ ఉంది. అయితే కాలేయ విషప్రభావానికి ఈ ఆర్గనాయిడ్లు వాడేటప్పుడు సైప్ ఎంజైముల బలహీనత మరవొద్దు. పారాసిటమాల్ లాంటి మందులో విషం ఎంజైమ్ మార్చాకే పుడుతుంది. ఎంజైమ్ తక్కువున్న కణం "సురక్షితం" అని చెబితే అది మందు గొప్పతనం కాదు.

రోగికి ఎక్కించే చికిత్స వచ్చిందా?

రాలేదు. దగ్గరగా వచ్చింది 2021 నాటి కేంబ్రిడ్జ్ పని. మార్పిడికి పనికిరావని పక్కనపెట్టిన మనిషి కాలేయాలను యంత్రం మీద గోరువెచ్చని రక్తంతో నడుపుతూ, పిత్తాశయం నుంచి పెంచిన ఆర్గనాయిడ్ కణాలను పిత్తనాళంలోకి ఎక్కించారు. 100 గంటల వరకు గమనిస్తే కణాలు నాళానికి అంటుకున్నాయి, పిత్తం మెరుగైంది. అది కూడా శరీరం బయట ఉన్న అవయవంలోనే. ఎలుక కణితి నుంచి తీసిన జెల్‌లో పెరిగినదాన్ని మనిషికి ఎక్కించడం కుదరదు కాబట్టి, తయారీకి వేరే జెల్, సీరం లేని మీడియం, ఔషధ స్థాయి శుభ్రత కావాలి. సిర్రోసిస్‌కు "ఆర్గనాయిడ్ థెరపీ" అనో "స్టెమ్ సెల్ ఇంజెక్షన్" అనో ఎవరైనా డబ్బు అడిగితే, ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఆమోదం ఉన్నది కొన్ని జబ్బుల్లో చేసే రక్త మూలకణాల మార్పిడికి మాత్రమే. మిగతావి నమోదైన క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలి, ట్రయల్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ నమోదు సంఖ్య అడిగి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా సైట్‌లో వెతికి చూసుకోండి.